జీఎన్ఎం తర్వాత ఏ దారి పట్టాలి? నెల్లూరు, ప్రకాశం వాళ్లు చెప్పండి

కావలి సిస్టర్

అందరికీ నమస్కారం. జీఎన్ఎం (ఇంటర్ తర్వాత చేసే నర్సింగ్ డిప్లొమా) 68 శాతంతో పాసై, నర్సుల కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ చేయించుకుని నాలుగేళ్లుగా నెల్లూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో చేస్తున్నాను. వయసు 26, బీసీ-డి. స్టాఫ్ నర్సుగా చేరాను, ఇప్పటికీ స్టాఫ్ నర్సునే.

పోస్ట్ బేసిక్ (జీఎన్ఎం వాళ్లు చేసే బీఎస్సీ నర్సింగ్) చేద్దామంటే రెండేళ్లు జీతం పోతుంది. పక్క రాష్ట్రం కాలేజీ తరఫున ఒకాయన ఫోన్ చేసి "మీరు డ్యూటీ మానక్కర్లేదు, పరీక్షలకు వస్తే చాలు" అంటున్నాడు. గవర్నమెంటు కాంట్రాక్టు నోటిఫికేషన్ పడితే నాకు మార్కులు ఎట్లా వేస్తారో తెలియదు. నార్సెట్ (ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పరీక్ష) జీఎన్ఎం వాళ్లు రాయొచ్చంటారు కొందరు, కుదరదంటారు కొందరు. జర్మనీ పేరు చెప్పి ఏజెంట్లు రోజూ మెసేజులు పెడుతున్నారు. ఇవేవీ కాక ఇక్కడే ఇన్‌ఛార్జి కావాలంటే ఏం నేర్చుకోవాలి? ఈ దారులు తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.


ఒంగోలు హెడ్ నర్స్

ముందు గవర్నమెంటు సంగతి. మన వైపు కాంట్రాక్టు స్టాఫ్ నర్సు నోటిఫికేషన్లు జోన్ లెక్కన వస్తాయి. గుంటూరు, ప్రకాశం, నెల్లూరు ఉమ్మడి జిల్లాలది జోన్-3, ఆఫీసు గుంటూరు రీజనల్ డైరెక్టర్‌ది. రాత పరీక్ష లేకుండా మెరిట్ లిస్టు వేసే నోటిఫికేషన్లలో నూరు మార్కులు ఇట్లా పంచుతూ వచ్చారు: జీఎన్ఎం లేదా బీఎస్సీ మార్కులకు 75, కోర్సు పాసైనప్పటి నుంచి ఏడాదికి ఒకటి చొప్పున గరిష్ఠంగా 10, ప్రభుత్వ కాంట్రాక్టు లేదా అవుట్‌సోర్సింగ్ సర్వీసుకు గరిష్ఠంగా 15.

నీ లెక్క చూద్దాం అమ్మా. 68 శాతానికి 75లో 51. పాసై నాలుగేళ్లు నిండాయి కాబట్టి 4. మొత్తం 55. ప్రైవేటు ఐసీయూలో చేసిన నాలుగేళ్లకు సర్వీసు మార్కు ఒక్కటీ రాదు. చాలామందికి ఇక్కడే మింగుడుపడదు.

ఆ 15 మార్కులు ఎట్లా వస్తాయంటే, గిరిజన ప్రాంతంలో ఆరు నెలలకు 2.5, పల్లెలో ఆరు నెలలకు 2, పట్టణంలో ఆరు నెలలకు 1. పూర్తయిన ఆరు నెలలకే లెక్క. అయిదు నెలల ఇరవై ఎనిమిది రోజులు చేసి మానేస్తే సున్నా. కోవిడ్ డ్యూటీ చేసినవాళ్లకు ఆరు నెలలకు 5, ఏడాదికి 10, ఏడాదిన్నరకు 15 ఇచ్చారు. మెరిట్ లిస్టులో పైన కనపడే పేర్లలో చాలావాటి వెనక ఈ మార్కులే ఉంటాయి.

కాబట్టి పల్లె సీహెచ్‌సీలో (సామాజిక ఆరోగ్య కేంద్రంలో) జీతం తక్కువని కాంట్రాక్టు వదులుకోబాకండి. అక్కడ ఏడాది చేస్తే 4 మార్కులు, ఆ ఏడాది గడిచినందుకు ఇంకో మార్కు. 55 కాస్తా 60 అవుతుంది. నీకు పైన ఉన్నవాళ్లలో ఎంతమందిని దాటతావో పాత మెరిట్ లిస్టు ముందేసుకుని లెక్కపెట్టు, అప్పుడు విషయం బోధపడుతుంది. ప్రతి నోటిఫికేషన్‌లోనూ మార్కుల పట్టిక వేస్తారు. పాతదాన్ని నమ్ముకోకుండా అప్పుడు వచ్చినదాన్ని చదువుకోవాలి.

దరఖాస్తులు ఎక్కడ తన్నుతాయో చెప్తా. సర్వీసు సర్టిఫికెట్ నోటిఫికేషన్‌లో ఇచ్చిన నమూనాలోనే, నియామకం చేసిన అధికారి సంతకంతో ఉండాలి. పీహెచ్‌సీ డాక్టరు తెల్లకాగితం మీద రాసిస్తే పక్కన పెట్టేస్తారు. నాలుగు నుంచి పదో తరగతి వరకు స్టడీ సర్టిఫికెట్లు లేకపోతే లోకల్ కింద లెక్కలోకి రావు, నాన్-లోకల్‌లోకి పోతావు. మూడు స్కూళ్లలో చదివుంటే మూడు చోట్లా తెచ్చుకోవాలి. మూతపడిన స్కూలైతే ఎంఈవో ఆఫీసు చుట్టూ తిరగాల్సి వస్తుంది, ఆ పని నోటిఫికేషన్ పడకముందే ముగించుకో. మార్కుల మెమోలు అన్ని సంవత్సరాలవీ పెట్టాలి. మూడో సంవత్సరం మెమో ఒక్కటే జతచేసి శాతం రాస్తే వాళ్లు లెక్క కట్టరు.

రెగ్యులర్‌లోకి వచ్చాక మెట్లు ఇవి: స్టాఫ్ నర్సు, హెడ్ నర్సు, నర్సింగ్ సూపరింటెండెంట్ గ్రేడ్-2, ఆపైన గ్రేడ్-1. హెడ్ నర్సు కావడానికి సీనియారిటీ, ఖాళీ ఈ రెండే చూస్తారు, ఎమ్మెస్సీ ఉందా అని అడగరు. అందుకే ఒకే రోజు చేరిన ఇద్దరిలో మెరిట్ ర్యాంకు ముందున్నామె ఏళ్లకు ఏళ్లు ముందే ఉంటుంది. నియామకం రోజు ర్యాంకును తేలిగ్గా తీసుకోకూడదు.


మంగళగిరి టార్గెట్

నార్సెట్ జీఎన్ఎం వాళ్లు రాయొచ్చు సిస్టర్. షరతు ఒకటే: అర్హత వచ్చాక కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం ఉండాలి. బీఎస్సీ, పోస్ట్ బేసిక్ వాళ్లకు ఆ అనుభవం అక్కర్లేదు. 50 పడకలంటే మొత్తం ఆసుపత్రివి, మీ ఐసీయూవి కాదు. 12 పడకల ఐసీయూలో చేస్తున్నాం కాబట్టి కుదరదని వదిలేసినవాళ్లున్నారు, అది పొరపాటు. ఇంకోవైపు 30 పడకల నర్సింగ్ హోమ్‌లో అయిదేళ్లు చేసినా పనికిరాదు.

వయసు 18 నుంచి 30. ఓబీసీకి 3 ఏళ్లు, ఎస్సీ, ఎస్టీలకు 5 ఏళ్లు సడలింపు. ప్రిలిమ్స్ 100 ప్రశ్నలు, 90 నిమిషాలు. తప్పు జవాబుకు మూడోవంతు మార్కు కోత. జనరల్, ఈడబ్ల్యూఎస్ వాళ్లకు 50 శాతం, ఓబీసీకి 45, ఎస్సీ, ఎస్టీలకు 40 దాటాలి. ఆ తర్వాత మెయిన్స్ 160 ప్రశ్నలు, మూడు గంటలు. ర్యాంకు మెయిన్స్‌ను బట్టే. పోస్టు కేంద్ర వేతన శ్రేణిలో లెవెల్-7, మూలవేతనం 44,900తో మొదలు. పోస్టుల్లో 80 శాతం ఆడవాళ్లకు, 20 శాతం మగవాళ్లకు. మంగళగిరి ఎయిమ్స్ కూడా ఈ పరీక్షతోనే నర్సింగ్ ఆఫీసర్లను తీసుకుంటుంది, అందరూ దాన్నే మొదటి ఆప్షన్ పెట్టుకోవడం వల్ల అక్కడికి ర్యాంకు గట్టిగా కావాలి. దూరం ఎయిమ్స్‌లు కూడా ఆప్షన్లలో పెట్టండి. మంగళగిరి, బీబీనగర్ రెండే పెట్టి సీటు రాలేదని బాధపడేవాళ్లు ప్రతిసారీ కనపడతారు.

బీసీ-డి అన్నారు గదా, ఒక్క మాట. మీసేవలో తీసుకున్న రాష్ట్ర బీసీ సర్టిఫికెట్ ఎయిమ్స్‌కు, రైల్వేకు చెల్లదు. కేంద్ర నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ తహసీల్దార్ దగ్గర విడిగా తీసుకోవాలి. మీ కులం కేంద్ర ఓబీసీ జాబితాలో ఉందో లేదో ముందు చూసుకోండి, రాష్ట్ర జాబితాలో ఉన్నవన్నీ అందులో ఉండవు. సర్టిఫికెట్ ఏ తేదీల మధ్య తీసుకున్నదై ఉండాలో కూడా నోటిఫికేషన్ చెప్తుంది. నిరుడు తీసుకున్నది పెట్టి చివర్లో జనరల్‌లోకి పోయిన కేసులు బోలెడు.

రైల్వేలో నర్సింగ్ సూపరింటెండెంట్ పోస్టుకు జీఎన్ఎం చాలు, అనుభవం అడగరు. అదీ లెవెల్-7. 100 ప్రశ్నల్లో 70 నర్సింగ్ సబ్జెక్టు, మిగతా 30 జనరల్ అవేర్‌నెస్, అరిథ్‌మెటిక్, రీజనింగ్, జనరల్ సైన్స్. నోటిఫికేషన్ తరచుగా రాదు, వస్తే వదలొద్దు.

చదవడం విషయానికొస్తే, డ్యూటీ చేస్తూ కొత్త పుస్తకాలు పోగేయడం దండగ. పాత ప్రశ్నపత్రాలు చేస్తూ, తప్పుపోయిన ప్రశ్నలు విడిగా నోటుబుక్కులో రాసుకోండి. మీది ఐసీయూ కాబట్టి ఏబీజీ (రక్తంలో వాయువుల పరీక్ష), ఈసీజీ, వెంటిలేటర్ మోడ్‌లు వచ్చేస్తాయి. మునిగేది కమ్యూనిటీ హెల్త్, సైకియాట్రీ, వ్యాక్సిన్ షెడ్యూలు, డ్రాప్ రేటు లెక్కల దగ్గర. 500 ఎంఎల్ సెలైన్ 4 గంటల్లో పోవాలి, సెట్టు ఎంఎల్‌కు 15 చుక్కలంటే నిమిషానికి ఎన్ని? 500ను 15తో హెచ్చించి 240 నిమిషాలతో భాగిస్తే 31.25, అంటే 31 చుక్కలు. వార్డులో పంపు మీద నడిపేవాళ్లకు ఈ లెక్క చేతి మీద ఉండదు.


నర్సింగ్ ట్యూటర్, నెల్లూరు

పోస్ట్ బేసిక్ గురించి నేను చెప్తాను. ఆ ఫోన్ చేసినాయనకు డబ్బు కట్టబాకండి.

రెగ్యులర్ పోస్ట్ బేసిక్ బీఎస్సీ రెండేళ్ల పూర్తికాలపు కోర్సు. క్లాసుకు హాజరు, క్లినికల్ పోస్టింగు గంటలు, రెండూ తప్పనిసరి. "రాకుండానే" చేయించే చోట హాజరు పట్టీ వాళ్లే నింపుతారు. బయటపడేది ఎప్పుడంటే, పదేళ్ల తర్వాత కూడా పడొచ్చు. ఒక చేతిలో 2026 జూన్ నుంచి 2028 మే వరకు నెల్లూరులో పూర్తికాలం డ్యూటీ చేసినట్టు అనుభవ పత్రం, పీఎఫ్ ఎంట్రీలు. ఇంకో చేతిలో అవే తేదీల్లో 300 కిలోమీటర్ల అవతల కాలేజీలో చదివినట్టు డిగ్రీ. ప్రభుత్వ ఉద్యోగానికి సర్టిఫికెట్లు పరిశీలించేవాడైనా, గల్ఫ్‌కు వెరిఫికేషన్ చేసే సంస్థ అయినా మొదట పెట్టే వేలు ఆ తేదీల మీదే. రెండింట్లో ఏదో ఒకటి అబద్ధమని తేలుతుంది. డిగ్రీతోపాటు అనుభవం కూడా గంగపాలు.

మన రాష్ట్రంలో చేస్తే విజయవాడ హెల్త్ యూనివర్సిటీ నోటిఫికేషన్ ద్వారా కన్వీనర్ సీటుకు ప్రయత్నించండి. అదే యూనివర్సిటీకి 2024లో మళ్లీ ఎన్టీఆర్ పేరు పెట్టారు, వైఎస్సార్ పేరుతో ఉన్న పాత సర్టిఫికెట్లు చూసి కంగారు పడొద్దు. ఏ కాలేజీ అయినా చేరే ముందు ఆ విద్యా సంవత్సరానికి, ఆ కోర్సుకే అనుమతి ఉందో లేదో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ సైటులో చూడాలి. బీఎస్సీకి ఉండి పోస్ట్ బేసిక్‌కు లేని కాలేజీలున్నాయి.

ఉద్యోగం మానకుండా సక్రమంగా చేయాలంటే ఇగ్నో ఉంది. మూడేళ్ల కోర్సు, ప్రవేశ పరీక్ష ఉంటుంది, ఇంటర్ తర్వాత జీఎన్ఎం చేసినవాళ్లకు రిజిస్ట్రేషన్ తర్వాత రెండేళ్ల అనుభవం కావాలి. ప్రాక్టికల్స్‌కు స్టడీ సెంటర్‌కు కచ్చితంగా వెళ్లాలి, ఆ రోజులకు సెలవు ఇస్తారా అని మీ నర్సింగ్ సూపరింటెండెంట్‌ను ముందే అడిగి పెట్టుకోండి. చాలామంది థియరీ అంతా పాసై ప్రాక్టికల్ కాంటాక్టు రోజుల దగ్గర సెలవు దొరక్క ఆగిపోతారు.

ఇంతకీ ఆ డిగ్రీ దేనికి? ఎమ్మెస్సీకి, టీచింగుకు, సీహెచ్‌వో (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్) లాంటి పోస్టులకు. మన రాష్ట్రంలో గ్రామ ఆరోగ్య కేంద్రాల్లో ఎంఎల్‌హెచ్‌పీ (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్) పోస్టులకు బీఎస్సీ నర్సింగ్ అడుగుతూ వచ్చారు. కాలేజీలో ట్యూటర్‌గా చేరాలంటే బీఎస్సీ లేదా పోస్ట్ బేసిక్, ఏడాది అనుభవం ఉండాలి. ఆపైకి ఎమ్మెస్సీ లేకుండా కదలరు. ప్రిన్సిపాల్ కావాలంటే ఎమ్మెస్సీతో 15 ఏళ్ల అనుభవం, అందులో 12 ఏళ్లు టీచింగ్. ఎమ్మెస్సీ చేరడానికి బీఎస్సీలోగానీ పోస్ట్ బేసిక్‌లోగానీ 55 శాతం తప్పనిసరి. అందుకే పోస్ట్ బేసిక్‌ను "పాసైతే చాలు" అని చదివితే అక్కడే తలుపు మూసుకుపోతుంది. పోస్ట్ బేసిక్ వాళ్లకు ఎమ్మెస్సీకి అడిగే ఏడాది అనుభవం కోర్సుకు ముందుదైనా సరిపోతుంది. నేరుగా బీఎస్సీ చేసినవాళ్లకు మాత్రం డిగ్రీ తర్వాతిదే కావాలి. ఈ ఒక్క విషయంలో జీఎన్ఎం దారిలో వచ్చినవాళ్లు లాభపడ్డారు.

డిగ్రీ చేతికొచ్చాక ఆంధ్రప్రదేశ్ నర్సుల కౌన్సిల్‌లో అదనపు అర్హతగా నమోదు చేయించుకోవాలి. అది చేయకపోతే కాగితం మీద మీరింకా జీఎన్ఎం వాళ్లే. వేరే రాష్ట్రంలో చదివితే అక్కడి కౌన్సిల్ నుంచి ఇక్కడికి బదిలీ పని ఒకటి ఎక్కువ. 2014కు ముందు హైదరాబాద్‌లో రిజిస్టరైన సీనియర్ అక్కలు ఎవరన్నా చదువుతుంటే, మీది ఏ కౌన్సిల్ రికార్డులో ఉందో ముందు తేల్చుకోండి.


కావలి సిస్టర్

చాలా వివరంగా చెప్పారు, ధన్యవాదాలు. ఆ కాలేజీ ఆయనకు వద్దని చెప్పేశాను. ఉన్న ఆసుపత్రిలోనే పైకి రావడం గురించి కూడా ఎవరైనా చెప్పండి. మా దగ్గర ఎన్ఏబీహెచ్‌కు (ఆసుపత్రుల నాణ్యతకు ఇచ్చే గుర్తింపుకు) సిద్ధమవుతున్నారు, కానీ అన్నీ రిజిస్టర్లు నింపడమే తప్ప అర్థం కావడం లేదు.


ఐసీయూ ఇన్‌ఛార్జి బ్రదర్

ఎన్ఏబీహెచ్ వస్తోందంటే మీకది మంచి అదను సిస్టర్. ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్సు, క్వాలిటీ, నర్సింగ్ ఎడ్యుకేటర్, ఈ హోదాలు అప్పటిదాకా లేని ఆసుపత్రిలో కూడా పుడతాయి. వాటికి బయటివాళ్లను తెచ్చేకంటే లోపల పని తెలిసినవాళ్లనే వెతుకుతారు. రిజిస్టరు నింపేవాళ్లు పదిమంది ఉంటారు. ఆ రిజిస్టరు నుంచి అంకె తీసి మీటింగులో చెప్పేవాళ్లు ఒక్కరూ ఉండరు.

కేథటర్ (మూత్రం గొట్టం) ఇన్‌ఫెక్షన్ రేటు తీసుకోండి. రోజూ ఒకే సమయానికి, అర్ధరాత్రి అనుకుంటే అర్ధరాత్రికే, యూరినరీ కేథటర్ ఉన్న పేషెంట్లు ఎంతమందో రాయాలి. ఎనిమిది మంది ఉంటే ఆ రోజుకు 8 కేథటర్ రోజులు. నెలంతా కూడితే 240 వచ్చిందనుకోండి, ఆ నెల ఇన్‌ఫెక్షన్లు 2. రెండును 240తో భాగించి 1000తో హెచ్చిస్తే 8.3, అంటే వెయ్యి కేథటర్ రోజులకు అన్ని. సెంట్రల్ లైనుకూ (పెద్ద సిరలో వేసే గొట్టానికీ) ఇదే లెక్క, ఒకే పేషెంటుకు రెండు లైన్లున్నా ఆ రోజుకు ఒకటే. వెంటిలేటర్‌కూ అంతే.

ఎక్కడ చెడుతుందంటే, ఇన్‌ఫెక్షన్లు రాస్తారు, రోజులు లెక్కపెట్టరు. లేదా ఆదివారం, రాత్రి డ్యూటీల్లో ఎవరూ రాయరు, నెలాఖరున అంచనాగా నింపేస్తారు. కింద అంకె, అంటే రోజుల లెక్క, తగ్గితే రేటు లేనిపోనిదిగా పెరుగుతుంది, యాజమాన్యం హడలిపోతుంది. ఇంకొకటి, కేథటర్ వేసిన రెండు రోజుల్లోపే వచ్చిన ఇన్‌ఫెక్షన్‌ను కేథటర్ ఖాతాలో వేసేస్తారు. అది కేథటర్ లెక్కలోకి రాదు. ఈ తేడా చెప్పగలిగిన నర్సును మైక్రోబయాలజీ డాక్టరు గుర్తుపెట్టుకుంటారు.

ఇక డ్యూటీ చార్టు. ఇన్‌ఛార్జి పని అంటే సగం ఇదే. 12 పడకల ఐసీయూ, 5 వెంటిలేటర్ మీద ఉన్నాయనుకుందాం. వెంటిలేటర్ పేషెంటుకు ఒకరు, లేని ఇద్దరికి ఒకరు చొప్పున, 5 ప్లస్ 4, షిఫ్టుకు 9 మంది. మూడు షిఫ్టులకు 27. వీక్లీ ఆఫ్‌లు, సెలవులకు 30 శాతం కలిపితే 35. మీ దగ్గర 20 మందే ఉంటే, "స్టాఫ్ చాలడం లేదు" అని గొణిగేకంటే ఈ లెక్క ఒక కాగితం మీద వేసి నర్సింగ్ సూపరింటెండెంట్‌కు ఇవ్వండి. 35 ఇస్తారని కాదు. ఇన్‌ఛార్జి ఖాళీ అయినప్పుడు ఆ కాగితం ఇచ్చింది ఎవరో గుర్తుంటుంది.

బీఎల్ఎస్, ఏసీఎల్ఎస్ (గుండె ఆగినప్పుడు ప్రాణం నిలిపే శిక్షణ) కార్డులు రెండేళ్లకే చెల్లుతాయి. చేయించుకుని వదిలేస్తే ఇంటర్వ్యూ రోజుకు గడువు దాటి ఉంటుంది. ఆసుపత్రి ఖర్చుతో చేయిస్తే మంచిదే, కానీ దానికి బాండు రాయమంటే ఎంతకాలమో, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో చదివాకే సంతకం పెట్టండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఏ ఆసుపత్రికీ ఇవ్వబాకండి. చూపించి, జిరాక్సులు ఇచ్చి వచ్చేయడమే.

ట్యూటర్ మేడం చెప్పినదాంట్లో ఒక చిన్న తేడా. ఐసీయూ ఇన్‌ఛార్జి వరకు మన ఊళ్లలో డిగ్రీ అడ్డం రాదు, జీఎన్ఎంతోనే అవుతున్నారు.


నర్సింగ్ ట్యూటర్, నెల్లూరు

ఇన్‌ఛార్జి వరకు నిజమే బ్రదర్. డిప్యూటీ నర్సింగ్ సూపరింటెండెంట్ దగ్గర ఆగిపోతున్నారు గదా, పెద్ద ఆసుపత్రుల ప్రకటనలు చూడండి, బీఎస్సీ అని మొదటి వరుసలోనే ఉంటుంది. 26 ఏళ్లకు ఇన్‌ఛార్జి అయిన అమ్మాయి 40 ఏళ్లకూ అక్కడే ఉండకూడదనే నా బాధ. ఐసీయూ వదలడం ఇష్టం లేకపోతే ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమా, క్రిటికల్ కేర్‌లో, జీఎన్ఎంతోనే చేయొచ్చు. అది డిగ్రీతో సమానం కాదు, దాన్ని చూపి ఎమ్మెస్సీలో చేరలేరు. నర్స్ ప్రాక్టీషనర్ క్రిటికల్ కేర్ అని రెండేళ్ల రెసిడెన్సీ కోర్సు ఉంది, దానికి మాత్రం బీఎస్సీ, ఏడాది క్లినికల్ అనుభవం కావాలి. పేర్లు దగ్గరగా ఉండటంతో రెండూ కలిపేసుకుంటున్నారు.


చెన్నై సెంట్రల్

విదేశాల సంగతి ఎవరూ రాయలేదు, నేను రాస్తా.

జర్మనీ నిజమైన దారే, జీఎన్ఎంకు కూడా. కానీ భాషతో మొదలై భాషతోనే ముగుస్తుంది. వెళ్లడానికి ఎక్కువగా జర్మన్ భాషలో బీ1 స్థాయి అడుగుతారు, అక్కడ నర్సుగా లైసెన్సు రావాలంటే మామూలుగా బీ2. మీ చదువును వాళ్లు మదింపు చేసి తక్కువైనవి చెప్తారు, వాటికి అక్కడ అడాప్టేషన్ శిక్షణ గానీ పరీక్ష గానీ ఉంటుంది. అది పూర్తయ్యేవరకు సహాయకురాలి జీతమే. "ఆరు నెలల్లో బీ2, ఏడో నెల ఫ్లైటు" అనేవాడి మాట నమ్మొద్దు. రోజూ క్లాసుకు వెళ్లినా దాదాపు ఏడాది పని, నైటు డ్యూటీలు చేస్తూ ఇంకా ఎక్కువే. నెల్లూరు, కావలి వాళ్లకు పరీక్ష కేంద్రం దగ్గర్లో అంటే చెన్నై నుంగంబాక్కంలోని గోథె ఇన్‌స్టిట్యూట్. మదింపుకు స్కూల్ ఆఫ్ నర్సింగ్ నుంచి సబ్జెక్టు వారీగా థియరీ గంటలు, క్లినికల్ గంటలు రాసిన ట్రాన్‌స్క్రిప్టు కావాలి. మార్కుల మెమో దానికి బదులు కాదు. మీ స్కూలు ఇంకా నడుస్తున్నప్పుడే అది తీసి పెట్టుకోండి.

యూకేకు ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో 7, రైటింగ్‌లో 6.5. లేదంటే ఓఈటీ (వైద్యరంగం వాళ్ల ఇంగ్లీషు పరీక్ష) అన్నింట్లో బీ, రైటింగ్‌లో సీ ప్లస్. నర్సులకు ఓఈటీ తేలిక, అందులో రాయాల్సింది రెఫరల్ లెటరే కాబట్టి. తర్వాత ఇక్కడే సీబీటీ (కంప్యూటర్ మీద రాసే పరీక్ష), రెండు భాగాలు: 15 డోసు లెక్కలు, 100 క్లినికల్ ప్రశ్నలు. అక్కడికి వెళ్లాక 10 స్టేషన్ల ఓఎస్‌సీఈ (చేసి చూపించే ప్రాక్టికల్ పరీక్ష). అక్కడ నియామకాలు మునుపటంత జోరుగా లేవు. ఆఫర్ లెటరు చేతికి రాకముందే ఉద్యోగం మానొద్దు.

గల్ఫ్‌కు సాధారణంగా రెండేళ్ల అనుభవం, డేటాఫ్లో అనే సంస్థ చేసే సర్టిఫికెట్ల వెరిఫికేషన్, లైసెన్సు కోసం ప్రోమెట్రిక్ పరీక్ష. డేటాఫ్లో వాళ్లు మీ పాత ఆసుపత్రికి, స్కూలుకు, కౌన్సిల్‌కు నేరుగా రాసి అడుగుతారు. చెప్పకుండా మానేసి వచ్చిన చోట హెచ్ఆర్ జవాబివ్వకపోతే మీ ఫైలు "నిర్ధారణ కాలేదు" అని తిరిగొస్తుంది, కట్టిన ఫీజు పోతుంది. నెల నోటీసు ఇచ్చి, రిలీవింగ్ లెటరు తీసుకునే బయటికి రండి.

డబ్బు విషయం. లైసెన్సు ఉన్న రిక్రూటింగ్ ఏజెంటు తీసుకోదగ్గ సేవా రుసుము గరిష్ఠంగా 30,000, దానిమీద 18 శాతం జీఎస్‌టీ, అంటే 35,400. లక్షల్లో అడిగితే మాట్లాడటం ఆపేయండి. లైసెన్సు నంబరు కేంద్ర ప్రభుత్వ ఈమైగ్రేట్ సైటులో కొట్టి చూడండి, గడువు కూడా చూడండి. ఈసీఆర్ దేశాలకు (వలస అనుమతి అవసరమైన దేశాలకు) వెళ్లే నర్సులు పదో తరగతి పాసైనా సరే ఈమైగ్రేట్ క్లియరెన్స్ తీసుకోవాలి, విజిట్ వీసా మీద పంపి అక్కడ మారుస్తామంటే మోసమే. విదేశీ ఉద్యోగాలకు మన రాష్ట్రానికి ప్రభుత్వ సంస్థ ఒమ్‌కాప్ ఉంది, దాని ప్రకటనలు చూస్తుండండి.

పేరు స్పెల్లింగు కూడా చూసుకోండి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, పెళ్లయ్యాక ఆధార్‌లో అత్తగారి ఇంటిపేరు, కౌన్సిల్‌లో ఇంకోటి. పదో తరగతి మెమోలో ఉన్నదానికే మిగతావన్నీ తెచ్చుకోవాలి, దాన్ని మార్చడం వీటన్నింటికన్నా కష్టం.


కావలి సిస్టర్

ఒక్కటే సందేహం మిగిలింది. అనుభవ పత్రం ఎట్లా రాయించుకోవాలి? మా హెచ్ఆర్ "ఇన్నాళ్లు పనిచేసింది, ప్రవర్తన బాగుంది" అని రెండు లైన్లు ఇస్తారు.


మంగళగిరి టార్గెట్

ఆ రెండు లైన్లు ఎక్కడా పనికిరావు. లెటర్‌హెడ్ మీద, అవుట్‌వర్డ్ నంబరు, తేదీ వేసి ఇవన్నీ రావాలి: పదో తరగతి మెమోలో ఉన్నట్టే పేరు, కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు, హోదా స్టాఫ్ నర్సు, చేరిన తేదీ, మానిన తేదీ లేదా "ఇప్పటివరకు కొనసాగుతున్నారు", పూర్తికాలం అన్న మాట, ఏ విభాగంలో ఎప్పటి నుంచి ఎప్పటివరకు, ఆసుపత్రి మొత్తం పడకలు ఎన్ని. కింద సంతకం పెట్టినవారి పేరు, హోదా, ముద్ర, ఆఫీసు ఈమెయిల్. పడకల సంఖ్య లేని పత్రం నార్సెట్ వెరిఫికేషన్‌లో మొదట ఎగిరిపోతుంది.

అనుభవం మొదలైన తేదీ మీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ తేదీ తర్వాతిదై ఉండాలి. పరీక్ష రాసి, ఫలితం రాకముందే చేరినవాళ్లు ఆ నెలలు లెక్కలో పెట్టుకుని రెండేళ్లు నిండాయనుకుంటారు, తీరా చూస్తే ఇరవై రెండు నెలలే తేలుతుంది. పత్రంతోపాటు అపాయింట్‌మెంటు ఆర్డరు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు, పీఎఫ్ పాస్‌బుక్కు డౌన్‌లోడు చేసి ఒక ఫైలులో పెట్టండి. జీతం చేతికి నగదు ఇచ్చే చోట పనిచేస్తుంటే వచ్చే నెల నుంచే బ్యాంకులో వేయమని అడగండి. పత్రం హెచ్ఆర్ దగ్గర ఇప్పుడే, ఉద్యోగంలో ఉండగానే, "కొనసాగుతున్నారు" అని ఒకటి రాయించుకోండి. రాజీనామా ఇచ్చిన రోజు అడిగితే తిప్పిస్తారు.